రాయల రక్షకతృణం

పెనుకొండ కొండవాలున అయిదు శతాబ్దాలుగా నిద్రాహారాలు మాని కాపలా కాస్తున్న ఒక మహావీరుణ్ణి తాను కనుగొన్నానని, మెట్ట వైభవ శాఖ మంత్రి గంగాధరప్పగారు అక్టోబరులో ఒక సోమవారం హిందూపురం అతిథిగృహంలో ప్రకటించారు. విలేకరులు పెన్నులు తీశారు. మంత్రిగారు జేబులోంచి రుమాలు తీసి బల్లమీద విప్పారు. రుమాల్లో నాలుగు గడ్డిముళ్లు ఉన్నాయి.

"వీరుడంటే ఇదే. రాయలవారి కోట చుట్టూ దీన్ని పెంచినారు. శత్రువు వస్తాడు, కాల్లో గుచ్చుకుంటుంది, కూర్చుని పీక్కుంటాడు. ఆ సందులో మనవాళ్లు పైనుంచి బాణాలేస్తారు. దీనికి రాయల రక్షకతృణం అని పేరు పెట్టినాము," అన్నారు మంత్రిగారు.

"శత్రువులు చెప్పులేసుకుని వస్తే సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అందుకే ఇది పంచెకు కూడా అంటుకుంటుంది."

ఇంత లోతైన సమాధానం వచ్చాక ఇంకో ప్రశ్న వేయడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. మంత్రిగారు గడ్డి గురించి మాట్లాడుతున్నారని వెనక వరసలో ఇద్దరు పాత విలేకరులు దగ్గారు గానీ, అది మారిన వాతావరణం వల్ల.

ఈ పరిశోధన వెనక కథ చిన్నదే. అంతకు ముందు గురువారం, పుట్టినరోజు ఫ్లెక్సీలకు కోట కనబడేలా ఫోటో కావాలని మంత్రిగారు ఆ వాలు ఎక్కారు. దిగేసరికి తెల్లపంచె అంచునిండా ముళ్లు. శాఖ ప్రత్యేకాధికారి శివకృష్ణ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే పీకుతూ, కోపం తన మీదికి మళ్లకుండా, "శత్రువులను ఆపడానికి పెంచినట్టుంది సార్ ఈ గడ్డి" అన్నాడు. మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచనలో పడితే ఒక పథకం తేలుతుందని శాఖలో అందరికీ తెలుసు. ఈసారి ఎనభై ఎకరాల తృణవనం తేలింది. చుట్టూ కంచె, లోపల గడ్డి, ముందు శిలాఫలకం.

అన్నీ అమిరాయి, ఒక్కటే తక్కువైంది. ఢిల్లీ నుంచి నిధులు రావాలంటే ఆ గడ్డి ఈ నేలలో పుట్టిందేనని గడ్డి చదువుకున్నవాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలి. జిల్లా అంతా గాలిస్తే ఒక్క మనిషి దొరికింది.

ఆమె పేరు సౌమ్య. ఊరు ధర్మవరం. నాయన పట్టుదారానికి రంగులు వేస్తాడు. ఆమె మాత్రం ఆరేళ్లు మెట్టల వెంట తిరిగి గడ్డిజాతుల మీద డాక్టరేట్ తెచ్చుకుంది. ఏది తినే గడ్డో, ఏది కాదో జీవాలు క్షణంలో తేల్చేస్తాయి కదా, దానికి ఆరేళ్లెందుకని చుట్టాలు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె కాంట్రాక్టు లెక్చరర్. ఏటా మార్చి నెలాఖరుకు ఆ ఉద్యోగం ఎండిపోతుంది. ప్రిన్సిపాల్ సుబ్బరాయుడు రెన్యువల్ కాగితం పైకి పంపితే ఏప్రిల్లో మళ్లీ మొలుస్తుంది. మగ్గాలు సగం మూతపడి నాయనకు పని తగ్గాక ఇల్లు నడిచేది ఆ మొలక మీదే.

"చాలా గౌరవమమ్మా నీకు," అన్నాడు సుబ్బరాయుడు ఆమెను పిలిపించి. "ఒక్క సంతకం. ఆ గడ్డి ఈ నేలదే అని."

"చూసి చెబుతాను సార్."

"చూడటానికేముందమ్మా, మంత్రిగారు ఆల్రెడీ చూశారు."

అయినా ఆమె మర్నాడు ధర్మవరం నుంచి వచ్చే దారిలో పెనుకొండలో దిగి, భూతద్దమూ పాత న్యూస్‌పేపర్లూ పట్టుకుని వాలు ఎక్కింది. ఎండ చురుక్కుమంటోంది. దారి పక్క గరపనేలలో మోకాలెత్తున గడ్డి. కాడలు అడుగున ఎర్రగా, నేలమీద వాలి, కణుపు దగ్గర వంగి పైకి లేస్తున్నాయి. కంకి పొడవునా శనగగింజంత ముళ్లకాయలు. ఒకటి తెంచి భూతద్దం కింద పెట్టింది. పైన బల్లపరుపు ముళ్లు ఒకదానికొకటి అతుక్కుని చిన్న గిన్నెలా ఉన్నాయి, వాటి కింద సన్నటి ముళ్లు వలయంలా చుట్టుకుని ఉన్నాయి. గుర్తుపట్టడానికి ఆ వలయం చాలు. సెంక్రస్ ఎకినేటస్. పుట్టిల్లు సముద్రాలకు ఆవల, అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు.

కాయ కంటే ఎక్కువ సంగతి నేల చెప్పింది. బండల సందుల్లో, ఎవరూ కదిలించని చోట, ఈ గడ్డి ఒక్క మొక్క లేదు. అక్కడ పాత గడ్డే ఉంది. జీపు చక్రం తిరిగిన చోట, పార తగిలిన చోట, నీడలేని పొడినేలలో మాత్రం ఇది బారులు తీరి ఉంది. అయిదు వందల ఏళ్లు కాపలా కాసినవాడు రోడ్డు పక్కనే నిలబడి, కోట దగ్గరికి ఒక్కసారైనా పోకుండా ఉంటాడా అనుకుంది సౌమ్య.

"ఏమ్మా, ఏం ఎతుకుతాండావు?"

ఆదెప్ప. నలభై జీవాలను ఆ వాలున మేపుకునేవాడు. అతని నాయనా అక్కడే మేపాడు. రెండు రాళ్ల మీద అడ్డంగా పరిచిన నున్నటి బండ పక్కన నిలబడి, సంచిలోంచి దొడ్డుప్పు తీసి దానిమీద చల్లుతున్నాడు. గొర్రెలు తోసుకుంటూ వచ్చి నాకుతున్నాయి.

"ఈ గడ్డి చూస్తాండా అన్నా."

"దీన్ని సూసేకి కూడా మనుషులు వస్తారా? పనికిమాలింది. లేతప్పుడు రొంత కొరుకుతాయి. ముల్లు వచ్చినాక మూతి పెట్టవు. బొచ్చుకు అంటుకుంటే నేనే కూర్సోని పీకల్ల."

"ఎన్నేండ్లనుంచి ఉండాదన్నా ఈడ?"

"మా నాయన కాలంలో ల్యా. మా పెద్దోడు పుట్టిన ఏడు జీపుల్లో వచ్చినారు. మైకు పెట్టినారు. జీవాలకు మేలురకం మేత అని బస్తాల్లోంచి గింజలు తీసి సల్లినారు. మాకు బోండాలు పెట్టినారు. మర్సటేడు మొలిసింది ఇది."

"వచ్చినోళ్లెవరు?"

"తెల్లగుడ్డలోళ్లు. ఎవురైతే ఏమిలేమ్మా, బోండాలు బాగుండె." గొర్రె మెడలోంచి ఒక ముల్లు పీకి పారేసి అడిగాడు. "కంచె ఏస్తారంట గదా, నిజమేనా? ఈ వాలు పోతే నేను జీవాలను యాటికి తోలుకోని పోవల్ల?"

"గడ్డి ఈడిది కాదని తేలితే కంచె వెయ్యరన్నా."

"అట్లయితే తేల్చమ్మా," అన్నాడు ఆదెప్ప. అదేదో ఆమె చేతిలో ఉన్న పనే అన్నట్టు అన్నాడు. సౌమ్యకు భయం వేసింది. నిజానికి అది ఆమె చేతిలో పనే.

వేళ్లతో సహా రెండు మొక్కలు న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టుకుని దిగింది. ఇంటికి వెళ్లి వాటిని ఆరబెట్టి, అట్టకు కుట్టి, కింద చీటీ అంటించింది. పేరు, దొరికిన చోటు, నేల తీరు, స్వస్థలం, అన్నీ రాసింది. ఏ ఏడు, ఎవరి ద్వారా వచ్చింది అన్న గడిలో ఆదెప్ప చెప్పిన మాటలు రాసి, ప్రిన్సిపాల్ చేతికిచ్చింది.

నాలుగు రోజుల తర్వాత శివకృష్ణ ఆ చీటీని ముందు పెట్టుకుని ఆమెను పిలిపించాడు. అతను చాలా మర్యాదస్థుడు. టీ తెప్పించాడు.

"స్వస్థలం అమెరికా అని రాశారు మేడమ్."

"అవును సార్."

"పెనుకొండ అని రాయొచ్చు కదా. చిన్న మాటతో పోతుంది."

"గడ్డి అక్కడిది సార్."

"ఇక్కడ పదేళ్లుంటే మనిషికే రేషన్ కార్డు ఇస్తున్నాం. గడ్డికి ఆపాటి స్థానికత ఇవ్వలేమా?" చీటీలో ఇంకో మాట మీద వేలు పెట్టాడు. "ఏకవార్షికం అంటే?"

"ఒక్క కారే బతుకుతుంది సార్. వానకు మొలిచి, గింజ రాల్చి, జనవరికల్లా చచ్చిపోతుంది."

"ప్రారంభోత్సవం మార్చిలో పెట్టాం మేడమ్."

"అప్పటికి ఒక్కటీ మిగలదు సార్."

"మంత్రిగారి టూర్ ప్రోగ్రాం ఖాయమయ్యాక ఎలా చచ్చిపోతుంది?" అన్నాడు శివకృష్ణ. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తర్వాత ఆదెప్ప మాటలున్న గడి దగ్గర ఆగాడు. "ఇది మాత్రం కుదరదు. గొర్రెలకాపరి చెబితే సాక్ష్యం కాదు. బోండాలకు రికార్డు ఉండదు. ఫలానా తేదీన, ఫలానా హోదాలో ఉన్న ఫలానావారు తెచ్చారని రాతపూర్వకంగా చూపించండి. అప్పుడు నేనే మీ రిపోర్టు పైకి పంపుతా. లేదంటే ఈ గడి కొట్టేసి సంతకం పెట్టండి."

"రాత దొరక్కపోతే?"

"ఏటా ఏప్రిల్ వస్తుంది కదా మేడమ్," అని టీ కప్పు ఆమె వైపు జరిపాడు.

ఆమె ఆదెప్ప మాటలు చెరిపేసి, ఆ గడి ఖాళీగా పెట్టి, సంతకం పెట్టకుండా వచ్చేసింది. కానీ కంచె సంతకాల కోసం ఆగలేదు. దీపావళి లోపలే ఎనభై ఎకరాల చుట్టూ ముళ్లతీగ లేచింది. ముళ్లగడ్డికి ముళ్లకంచె వేసి కాపాడిన మొదటి శాఖ ఇదేనని మంత్రిగారు శాసనసభలో సగర్వంగా చెప్పారు. ఆదెప్ప జీవాలు రోడ్డంచున పడ్డాయి. రెండు గొర్రెలు లారీల కింద పోయాయి. మేత లేక అతను మిగిలినవాటిలో అయిదూ ఆరూ చొప్పున హిందూపురం సంతకు తోలడం మొదలుపెట్టాడు. బస్సులోంచి సౌమ్య అతణ్ణి రెండుమూడుసార్లు చూసింది. చూసినప్పుడల్లా మంద చిన్నదయింది, ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

కంచె లోపల గడ్డికి మాత్రం రాజభోగం. వారానికి ఆరు ట్యాంకర్ల నీళ్లు. అది పొడినేల గడ్డి, నీళ్లు వద్దని సౌమ్య ఉత్తరం రాసింది. వీరుడికి నీళ్లు కూడా ఇవ్వని జిల్లా అనిపించుకోలేమని జవాబు వచ్చింది. నీళ్లకు వయ్యారిభామ కలుపు నడుమెత్తు లేచింది. రక్షకతృణం డిసెంబరులో పసుపుబారి, జనవరిలో తెల్లబడి, ఫిబ్రవరిలో విరిగి పడిపోయింది. తృణం యోగనిద్రలో ఉందని శివకృష్ణ పైకి నివేదిక పంపాడు.

నిద్రలో ఉన్నా పచ్చగా ఉండాలని మంత్రిగారు కబురు పెట్టారు. మార్చి రెండో వారంలో ఒక ఆదివారం, ధర్మవరంలో సౌమ్య ఇంటి ముందు రెండు ఆటోలు ఆగాయి. వాటినిండా ఎండుగడ్డి దుబ్బులు. శివకృష్ణ దిగి, రంగుల షెడ్డులో ఆవిరి మధ్య నిలబడిన సౌమ్య నాయనకు నమస్కారం పెట్టాడు. అది ఆమె ఇల్లని అతనికి తెలియదు. ఊళ్లో పచ్చరంగు బాగా వేసేదెవరని అడిగితే నలుగురూ ఈయన్నే చూపించారు.

"చిలకపచ్చ కావాలి. మూడు వందల దుబ్బులు."

"పట్టుకు పట్టినట్టు గడ్డికి పట్టదు సార్," అన్నాడు నాయన. "నీళ్లు తగిల్తే దిగిపోతాది."

"తగలవు. అది మెట్టగడ్డి."

లోపలినుంచి సౌమ్య వచ్చింది. శివకృష్ణ ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకుని, "చూశారా మేడమ్, నిపుణులంతా ఒకే ఇంట్లో ఉన్నారు," అన్నాడు. వచ్చే శుక్రవారం ప్రారంభోత్సవానికి సంతకం పెట్టిన రిపోర్టుతో రావాలనీ, ప్రిన్సిపాల్‌గారు రెన్యువల్ కాగితం అక్కడికే తెస్తున్నారనీ చెప్పి వెళ్లాడు.

నాయన ఒక దుబ్బు చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపి చూశాడు. "నలభై ఏండ్లలో నేనేసిన రంగు ఒక్క చీర మీద దిగలేదు సౌమ్యా. ఇది మాత్రం దిగుతాది. తెలిసి ఏస్తాండా. ఆయప్పకు సెప్పినా, వినల్యా."

"వద్దని చెప్పు నాయనా."

"నువ్వు సెప్పినావా వద్దని?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఊరికే అడిగాడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. శుక్రవారం ఆ గడిలో ఏం రాయాలో ఆమెకు అప్పటికీ తెలియదు.

శుక్రవారం పెనుకొండ వాలు పండగలా ఉంది. శామియానాలు, మైకులు, మూడు బస్సుల జనం. కంచె లోపల వయ్యారిభామను కోసేసి, మూడు వందల చిలకపచ్చ దుబ్బులను వరసగా నాటారు. దూరం నుంచి చూస్తే మంచి ధర్మవరం చీర పరిచినట్టే ఉంది. ముందు శిలాఫలకం. దాని చరిత్ర కూడా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో పథకాలు పోయినా శిలాఫలకాలు మిగులుతాయి కాబట్టి, తెలివైన కాంట్రాక్టర్లు పాత బండనే వెతికి తెచ్చి, తిరగేసి, వెనకవైపు కొత్త అక్షరాలు చెక్కిస్తారు. పాతవైపు గోడలోకి పోయి సిమెంటు కింద దాక్కుంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఈసారి ముహూర్తానికి గోడ లేవలేదు. బండను రెండు ఇనుపగొట్టాల మధ్య నిలబెట్టి, ముందు పట్టుగుడ్డ కప్పారు.

పిలిచినప్పుడు రావాలని సౌమ్యను బండ వెనక నీడలో నిలబెట్టారు. చేతిలో రిపోర్టు. పక్కనే సుబ్బరాయుడు, జేబులోంచి రెన్యువల్ కాగితం అంచు కనబడేలా నిలబడ్డాడు. కంచె అవతల ఆదెప్ప, మిగిలిన పదహారు జీవాలతో.

"అమ్మా," అని పిలిచాడు ఆదెప్ప కంచె మీదుగా. "అది నా ఉప్పు బండ. అడగల్యా పెట్టల్యా, ఎత్తుకోని వచ్చినారు."

సౌమ్య తల తిప్పింది. బండ వెనకవైపు, ఇన్నేళ్లూ నేలవైపు బోర్లా ఉన్న వైపు, ఆమె ముఖానికి మూరెడు దూరంలో ఉంది. మట్టి అంటిన గాట్లలో అక్షరాలు.

సరిగ్గా అప్పుడే అవతల మంత్రిగారు పట్టుగుడ్డ లాగారు. చప్పట్లు మోగాయి. 'యుగయుగాలుగా ఈ గడ్డపై పుట్టి పెరిగిన రాయల రక్షకతృణమునకు' అని మైకులో ఎవరో చదివారు. తర్వాత మంత్రిగారు రాగిచెంబుతో మొదటి దుబ్బు మొదట్లో నీళ్లు పోశారు. ఇది కార్యక్రమ పత్రంలో లేదు. చెంబు కనబడితే మొక్కకు నీళ్లు పోయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. నీళ్లు పచ్చగా తిరిగి, చెప్పుల్లోకి, పంచె అంచుల్లోకి పాకాయి. ఆయన కెమెరాల వైపు నవ్వుతూనే, గబగబా బండ వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. శివకృష్ణ తుండుగుడ్డతో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కాళ్లు తుడిపించుకుంటూ మంత్రిగారు తల ఎత్తారు. కళ్లజోడు కారులో ఉంది. "ఈడ కూడా ఏందో రాసిండాది. చదువు."

శివకృష్ణ చదవడం మొదలుపెట్టాడు. "మేలురకపు విదేశీ పశుగ్రాస విత్తనములు చల్లు కార్యక్రమము. తేది పద్నాలుగు, ఎనిమిది, తొంభై ఎనిమిది. పశుగ్రాసాభివృద్ధి సంఘ అధ్యక్షులు..." అక్కడ ఆగాడు.

"చదువప్పా."

"శ్రీ కె. గంగాధరప్ప గారి అమృత హస్తములచే..."

"ఏ గంగాధరప్ప?"

"తమరే సార్."

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. "ఆరోజు బోండాలు పెట్టించినా," అన్నారు.

సౌమ్య పెన్ను తీసింది. ఖాళీ గడి నింపింది. తేదీ, హోదా, పేరు. ఆధారం: శిలాఫలకం, వెనకవైపు. కింద సంతకం పెట్టి శివకృష్ణ చేతికిచ్చింది. "మీరు అడిగిన రాత సార్. ఏమీ తక్కువ కాలేదు, చూసుకోండి." సుబ్బరాయుడు తన జేబులోని కాగితాన్ని వేలితో లోపలికి నెట్టాడు. ఆమెకు అంత తేలిగ్గా ఎన్నడూ అనిపించలేదు. ఇక కంచె పోతుంది. ఉద్యోగం పోతే పోయింది, అనుకుంది.

మంత్రిగారు లేచి పంచె దులుపుకుని మైకు దగ్గరికి నడిచారు. గొప్ప నాయకులకీ మనకీ తేడా అక్కడే తెలుస్తుంది. మనమైతే ఇంటికి పోతాం.

"సోదరులారా," అన్నారు. "ఇప్పుడే ఒక భయంకరమైన నిజం బయటపెట్టినాను. ఇది మన గడ్డి కాదు. విదేశీ గడ్డి. దొంగతనంగా వచ్చి రాయలవారి కోటను ముట్టడించింది. దీన్ని వేళ్లతో పెకలించేదాకా నేను నిద్రపోను. దీన్ని ఈ పవిత్రభూమికి తెచ్చినవాడు ఎంతటివాడైనా వదలను. వాడెవడో తేల్చేకి ఇప్పుడే కమిటీ వేస్తాండాను."

చప్పట్లు ఇందాకటికంటే ఎక్కువ మోగాయి. కమిటీకి అధ్యక్షుడు శివకృష్ణ. సభ్యురాలు, నిజాన్ని నిర్భయంగా చెప్పిన ఆడపడుచు, డాక్టర్ సౌమ్య. కమిటీ పని అయ్యేదాకా ఆమె కాంట్రాక్టు కొనసాగుతుంది. ముళ్లు వ్యాపించకుండా, కమిటీ పని అయ్యేదాకా కంచె కూడా కొనసాగుతుంది. సుబ్బరాయుడు కాగితాన్ని మళ్లీ పైకి లాగి ఆమె చేతిలో పెట్టి అభినందించాడు.

"ఏమన్నారమ్మా? తీస్తారంటనా కంచె?" అని ఆదెప్ప అవతలినుంచి అడిగాడు. ఆమె రెన్యువల్ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

మొదటి సమావేశంలోనే సౌమ్య తన రిపోర్టు పెట్టింది. ఎవరు తెచ్చారో అందులో ఉంది. శివకృష్ణ దాన్ని శ్రద్ధగా చదివి, ఒక పేరున్నంత మాత్రాన మనిషి ఒకడే అనుకోలేమనీ, జిల్లాలో గంగాధరప్పలు చాలామంది ఉన్నారనీ, ముందు బండ ఫోటో కావాలనీ అన్నాడు. ఆమె ఫోనులో తీసిన ఫోటో ఇచ్చింది. అక్షరాలు మసకగా ఉన్నాయన్నాడు. గడువు మూడు నెలలు పెరిగింది, ఆమె ఉద్యోగమూ పెరిగింది. ఇంకో ఫోటో పంపింది, నీడ పడిందన్నారు. మళ్లీ గడువు. నెలాఖరున జీతం పడ్డప్పుడల్లా ఆమెకు దొంగతనం చేసినట్టు సిగ్గేసేది.

ఈలోగా పాత బండ పీకేసి, 'విదేశీ తృణ నిర్మూలన వనం' అని నల్లటి గ్రానైటు ఫలకం పెట్టారు. గడ్డి మాత్రం వానలకు లక్షణంగా మొలిచింది. తనిఖీకి వచ్చిన అధికారుల మేజోళ్ల వెంట పోయి, చిలమత్తూరు రోడ్డు మీద కూడా కనబడుతోందని చెప్పుకున్నారు.

అక్టోబరులో సౌమ్య మంచి కెమెరా అరువు తెచ్చుకుని పెనుకొండలో దిగింది. బండ కంచె బయట, రోడ్డు పక్క కాలువ దగ్గర ఉంది. ఆదెప్ప ఈడ్చుకొచ్చి మళ్లీ రెండు రాళ్ల మీద వేసుకున్నాడు. ఈసారి పేరున్న పాతవైపు పైకి ఉంది.

"ఆ పక్కే మేలమ్మా," అన్నాడు. "రాత గాట్లు లోతుగా ఉండాయి. ఉప్పు నిలుస్తాది."

ఏడు జీవాలు మిగిలాయి. అవి గంగాధరప్పగారి పేరు మీద తలలు పెట్టి తీరిగ్గా నాకుతున్నాయి.

"కొంచెం పక్కకు తోలన్నా, ఫోటో తీస్తా."

"ఒక నిమిసం తాళమ్మా. వారానికోసారి దొరికే ఉప్పు, నాకనీ."

ఆమె తాళింది. ఆరు పక్కకు పోయాయి. బొచ్చునిండా రోడ్డంచు ముళ్లు అంటుకున్న ఒక పొట్టేలు మాత్రం కదల్లేదు. బస్సుకు వేళయిపోతోంది. అది నాలుక వెనక్కి తీసినప్పుడల్లా బండ మీద అక్షరాలన్నీ ఎండలో తేటగా కనబడుతున్నాయి. ఆమె అలాగే తీసి, ఆ రాత్రే పంపింది.

ఈ ఫోటోను కమిటీ తిప్పి పంపలేదు. ఇరవై రోజుల్లో తుది నివేదిక వచ్చింది. సభ్యురాలు అపార శ్రమకోర్చి సమర్పించిన ఛాయాచిత్రం అత్యంత స్పష్టంగా ఉందని అధ్యక్షుడు ప్రశంసించాడు. రాతి మీద పేరుండవలసిన చోట గొర్రె నాలుక అడ్డం వచ్చినందున అది చదవడానికి వీలుపడలేదు. అయితే సదరు గొర్రె బొచ్చులో విదేశీ ముళ్లు పదకొండు లెక్కకు వచ్చాయి. కావున గడ్డిని ఈ ప్రాంతానికి తెచ్చినది ఎవరో నిస్సందేహంగా తేలింది. వాలు మీద గొర్రెల ప్రవేశం శాశ్వతంగా నిషిద్ధం. కమిటీ పని ముగిసినందున సభ్యురాలి సేవలకు కృతజ్ఞతలు.

ఆదెప్పకు విడిగా నోటీసు వచ్చింది. సౌమ్య కాలేజీలో తాళాలు అప్పగించి తిరిగి వస్తూ పెనుకొండలో దిగితే, అతను ఆ కాగితాన్ని మడత విప్పకుండా తెచ్చి ఇచ్చాడు. ఆమె కాలువ గట్టున కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. సంజాయిషీ చెప్పుకోవడానికి ఆ గొర్రెను పదిహేను రోజుల్లో ప్రత్యేకాధికారి ముందు హాజరు పరచాలని ఆఖరున ఉంది.

ఆదెప్ప మంద వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఏ గొర్రెమ్మా?" అన్నాడు.

నోటీసుకు కుట్టిన ఫోటో ఆమె చూపించింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టి అతను దగ్గరగా చూశాడు.

"దీన్ని పోయిన నెలే అమ్మేసినా గదమ్మా," అన్నాడు. "మేత ల్యాక."